ఒప్పందానికి పద్దు ఏది?
(తెలంగాణ మిగులు నిధుల కథ)

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. చరిత్ర అనగానే శాతవాహనులతోనో కాకతీయులతోనో మొదలుపెట్టే పాండిత్యం నాకు లేదు. 1971 నుంచి 2007 వరకు ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ కొలువులో ఉన్నాను. అందులో ఎక్కువ భాగం బడ్జెట్ లెక్కలు చూసే సీట్లలోనే గడిచింది. నాకు తెలిసిన చరిత్ర అంతా డిమాండ్ నంబర్లలోనూ, మేజర్ హెడ్లలోనూ ఉంది. కనుక అదే రాస్తాను. చదివే మిత్రుల్లో అటువారూ ఇటువారూ ఉన్నారు. ఎవరి మనసునూ నొప్పించే ఉద్దేశం నాకు లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఎనిమిది మంది పెద్దలు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. ఆంధ్ర తరపున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు. తెలంగాణ తరపున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు. దానికే పెద్దమనుషుల ఒప్పందం అని పేరు వచ్చింది. ఆ ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఉద్యోగాలు, ముల్కీ, ఉప ముఖ్యమంత్రి పదవి గురించే చెబుతారు. ఉప ముఖ్యమంత్రి పదవిని ఆరో వేలుతో పోల్చిన మాట ఇప్పటికీ జనం నోట్లో నానుతూనే ఉంది. కాని ఒప్పందంలో మొట్టమొదటి అంశం డబ్బు గురించి. కేంద్ర, సాధారణ పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలు తమ తమ వంతు ప్రకారం భరించాలి, తెలంగాణ ఆదాయంలో ఇక మిగిలినదాన్ని తెలంగాణ అభివృద్ధి ఖర్చుకే కేటాయించి ఉంచాలి. ఈ ఏర్పాటును అయిదేళ్ళ తర్వాత సమీక్షించాలి, తెలంగాణ శాసనసభ్యులు కోరితే మరో అయిదేళ్ళు కొనసాగించాలి.

ఇలాంటి షరతు ఎందుకు అవసరమయిందో నేటి పిల్లలకు తెలియదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధానికి భవనాలు లేవు. కర్నూలులో ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఖజానా వట్టిపోయి ఉంది. మద్రాసు రాష్ట్రం నుంచి సంక్రమించిన మద్యనిషేధం వల్ల ఆబ్కారీ రాబడి లేదు. ఇటు తెలంగాణలో భూమిశిస్తు ఎక్కువ, ఆబ్కారీ రాబడి ఏటా అయిదు కోట్ల రూపాయల దాకా ఉండేది. ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో ఈ సంగతే రాసింది. ఆంధ్రకు పుట్టినప్పటి నుంచీ ఆర్థిక ఇబ్బంది ఉందనీ, తెలంగాణకు ఆ ఇబ్బంది అంతగా రాదనీ, కలిస్తే తమ రాబడి అటు పోతుందని తెలంగాణవారు భయపడుతున్నారనీ చెప్పింది. మా నల్లగొండ జిల్లాలో తాటిచెట్టునూ ఈతచెట్టునూ చూసి ఎవరూ దండం పెట్టరు గాని, సర్కారు ఖజానా నింపినవి అవే.

ఇటువారికి రాబడి ఉంది, పనులు లేవు. అటువారికి పనులు చేయించే అనుభవం ఉంది, డబ్బు లేదు. ఇద్దరికీ కృష్ణ నీళ్ళు కావాలి. ఒప్పందానికి రెండు నెలల ముందే, 1955 డిసెంబరు 10న, నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి అది ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాలు రెండూ కలిసి తలపెట్టిన ఉమ్మడి ప్రాజెక్టు. నదికి అటు గుంటూరు జిల్లా, ఇటు నల్లగొండ జిల్లా. ఆలోచిస్తే రాష్ట్రాలు కలవకముందే డ్యాం కలిసింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఇక్కడ నా సొంత సంగతి కొంత చెప్పాలి. నేను మిర్యాలగూడ తాలూకాలో పుట్టాను. మా నాన్న తాలూకా కచేరీలో జవాను. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ రోజు మా ఊరి నుంచి లారీల్లో వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. జనం తలలు తప్ప నాకేమీ కనపడలేదు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఏడాదిన్నర తిరగకుండానే 1969 వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి. నా డిగ్రీలో ఒక సంవత్సరం కొట్టుకుపోయింది. కొట్టుకుపోయిందని బాధ పడలేదు, ఊరేగింపుల్లో తిరిగాను. 'మా మిగులు మాకు కావాలి' అని గొంతు పోయేలా అరిచాను. మిగులు అంటే ఏమిటో, దాన్ని ఎలా లెక్క కడతారో ఆ రోజున నన్ను అడిగితే నోరు వెళ్ళబెట్టేవాణ్ణి.

అది తెలిసింది ఉద్యోగంలో చేరాకే. 1971లో సర్వీస్ కమిషన్ పరీక్ష పాసై ఎల్.డి.సి.గా చేరాను. నన్ను వేసిన సెక్షన్‌లో బడ్జెట్ అంచనాలను ప్రాంతాల వారీగా విడగొట్టి స్టేట్‌మెంట్లు తయారు చేసేవారు. సూపరింటెండెంటు గారు మద్రాసులో చేరి, అక్కడ నుంచి కర్నూలు డేరాల మీదుగా హైదరాబాదు వచ్చిన మనిషి. ఆయన బల్ల మీద ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం ఉన్న పెన్సిలు ఎప్పుడూ ఉండేది. ప్రతి పద్దు పక్కన ఒక అక్షరం రాసేవారు. 'ఆం' అంటే ఆంధ్ర, 'తె' అంటే తెలంగాణ, 'ఉ' అంటే ఉమ్మడి. ఉమ్మడి ఖర్చును రెండుకు ఒకటి చొప్పున విడగొట్టాలి, అంటే ఆంధ్రకు రెండు పాళ్ళు, తెలంగాణకు ఒక పాలు.

వినడానికి తేలికగా ఉంది. చేయబోతే తెలిసేది. శిస్తు ఏ తాలూకాలో వసూలైతే ఆ ప్రాంతానిది, తగాదా లేదు. అమ్మకపు పన్ను సంగతి? హైదరాబాదులో హెడ్డాఫీసు ఉన్న వ్యాపారి విజయవాడలో సరుకు అమ్మి పన్ను హైదరాబాదులో కడితే అది ఎవరి రాబడి? కేంద్రం ఇచ్చే వాటాను ఏ లెక్కన పంచాలి? సచివాలయం జీతాలు ఉమ్మడి అంటారు, సరే, సచివాలయంలో ఒకే ప్రాంతం పని చూసే సెక్షన్ జీతాలో? అన్నిటికన్నా పెద్ద చిక్కు ప్రాజెక్టులది. ఎడమ కాలువ మా నల్లగొండదని నేను అనుకునేవాణ్ణి. ఆ కాలువే ఖమ్మం జిల్లా దాటి కృష్ణా జిల్లాకు వెళుతుంది. అప్పుడు ఎడమ కాలువ ఖర్చు ఏ అక్షరం కింద రాయాలి? "కాలువ సంగతి అటుంచవయ్యా, డ్యాంకు రెండు ఒడ్లున్నాయి, మధ్యలో రాయి ఏ ఒడ్డుది?" అని సూపరింటెండెంటు గారు నవ్వేవారు.

మరొక ప్రశ్న కూడా ఉంది. చదివేవారు దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే తగువు అంతా దీని మీదే తిరిగింది. రెవెన్యూ ఖాతాలో తెలంగాణకు మిగిలిందనుకోండి. అదే సంవత్సరం తెలంగాణలో ఒక డ్యాం మీద మూలధన ఖాతా నుంచి ఖర్చు పెట్టారనుకోండి. మిగులు ఆ డ్యాం కింద ఖర్చయిపోయినట్టా? లేక డ్యాంకు అప్పు తేవాలి, మిగులు మాత్రం విడిగా నిలిచి ఉండాలా? ఒకే అంకెలతో ఇద్దరు మనుషులు నిజాయితీగా కూర్చుని లెక్క వేసినా రెండు జవాబులు వస్తాయి. ఒప్పందం రాసిన పెద్దలు దీన్ని తేల్చలేదు. కేటాయించి ఉంచాలి అన్నారు. ఏ ఖాతాలో ఉంచాలి, ఎవరు ఉంచాలి, ఏటా ఎవరికి చూపించాలి అన్నది ఆ మాటలో లేదు.

ఉద్యోగం చేసినవారికి మార్చి 31 అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఆ రాత్రి గడిస్తే ఖర్చు కాని గ్రాంటు మురిగిపోతుంది. పోయినేడు మిగిలింది కదా అని ఈ ఏడు తీసి వాడుకోవడానికి వీల్లేదు, మళ్ళీ సభ ఓటు చేయాలి. శాసనసభ ఓటు చేసేది డిమాండ్ల వారీగా. నీటిపారుదలకు ఇంత, విద్యకు ఇంత, వైద్యానికి ఇంత అని. ప్రతిపక్షం వారు రూపాయి కోత తీర్మానాలు, వంద రూపాయల కోత తీర్మానాలు ఇస్తారు. ఒక్కో డిమాండు మీద గంటలు గంటలు మాట్లాడతారు. చివరి రోజు గిలెటిన్ వేస్తే, మాట్లాడనివి కూడా గుత్తగా పాసైపోతాయి. తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు. అందులోనూ డిమాండు పేరూ అంకే ఉంటాయి. ఏ ప్రాంతానికి ఎంత అన్నది చట్టంలోకి రాదు, అనుబంధం కాగితంలో ఉండిపోతుంది. చట్టాన్ని ఎ.జి. ఆఫీసు పట్టి చూస్తుంది. అనుబంధం కాగితాన్ని ఎవరు పట్టి చూస్తారు?

అందుకే కదా ప్రాంతీయ సంఘం పెట్టింది అని మీరు అనవచ్చు. నిజమే. రాజ్యాంగంలో 371వ అధికరణం కింద 1958లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. తెలంగాణ శాసనసభ్యులందరూ ఆ సంఘంలో సభ్యులే. స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక, మాధ్యమిక విద్య, వ్యవసాయం, సహకారం, చిన్న పరిశ్రమలు, వ్యవసాయ భూముల అమ్మకాలు లాంటివి దాని పరిధిలోకి వచ్చాయి. దాని సలహాను ప్రభుత్వమూ సభా సాధారణంగా ఆమోదించాలి, భేదాభిప్రాయం వస్తే గవర్నరు గారి నిర్ణయమే చివరిది. ఇదంతా బాగానే ఉంది. కాని రోజువారీ చిన్న చిన్న ఖర్చులకు మించి ఆర్థిక భారం పడే ప్రతిపాదనలు చేసే అధికారం ఆ సంఘానికి ఇవ్వలేదు. ఇంటికి కాపలాదారును పెట్టి, బీరువా తాళం చూడొద్దు అన్నట్టు.

ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. మిగులు ఖర్చు కాలేదని తెలంగాణ సభ్యులు సభలో అడుగుతూ వచ్చారు. ఖర్చయింది, లెక్కలు చూసుకోండి అని జవాబులు వస్తూ వచ్చాయి. ఈలోగా 1963 జూలై 26న పోచంపాడుకు కూడా నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. పని మాత్రం నత్తనడక. 1968 చివర, 1969 మొదట ఖమ్మం జిల్లాలో ఉద్యోగాల విషయమై మొదలైన ఆందోళన హైదరాబాదుకు పాకింది. 1969 జనవరి 19న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారు అఖిలపక్ష సమావేశం పెట్టి ఒక రాజీ కుదిర్చారు. తెలంగాణలో ముల్కీ కాని ఉద్యోగులను ఫిబ్రవరి 28లోగా వెనక్కి పంపాలి, మిగులు ఎంతో తేల్చాలి. రెండు రోజుల్లో జి.ఓ. 36 వచ్చింది. ఆ నంబరు చెబితే మనలో పెద్దవాళ్ళు ఎవరయినా ఇప్పటికీ ఉలిక్కిపడతారు. ఒకరికి అది ఆశ, మరొకరికి మూటాముల్లే సర్దుకోమన్న తాఖీదు.

లెక్క తేల్చడానికి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వద్ద నుంచి కుమార్ లలిత్ గారు వచ్చారు. 1956 నవంబరు 1 నుంచి 1968 మార్చి 31 వరకు పదకొండేళ్ళ అయిదు నెలల లెక్కలు తిరగేసి, తెలంగాణ మిగులు 34 కోట్ల 10 లక్షలు అని తేల్చారు. అది తక్కువని ఇటువారు, ఎక్కువని అటువారు. ఏప్రిల్ 11న ప్రధానమంత్రి ప్రకటించిన ఎనిమిది అంశాల ప్రణాళికలో భాగంగా సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా చేసిన వశిష్ఠ భార్గవ గారి అధ్యక్షతన మరొక కమిటీ వేశారు. ఆ కమిటీ అవే సంవత్సరాలకు 28 కోట్ల 34 లక్షలు అన్నది. రెండు లెక్కలకూ తేడా 5 కోట్ల 76 లక్షలు.

28 కోట్లు అంటే ఇప్పుడు ఒక ఫ్లైఓవరుకు కూడా చాలదు. ఆ రోజుల్లో పోచంపాడు మొదటి అంచనా సుమారు 40 కోట్లు. అంటే ఆ డ్యాం అంచనాలో మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ. మరోవైపు నుంచి చూస్తే, ఏడాదికి సగటున రెండున్నర కోట్లు. ఏటా మార్చిలో రెండున్నర కోట్ల తేడా సభలో బల్ల మీద పడి ఉంటే, ఒక పూట వాదించుకుని, వచ్చే ఏడు ఫలానా చెరువులకు, ఫలానా రోడ్లకు కలుపుతామని ఆర్థిక మంత్రి హామీ ఇస్తే సరిపోయేది. అది పన్నెండేళ్ళ మొత్తంగా ఒక్కసారి వచ్చి పడేసరికి వీధుల్లోకి వచ్చింది. కాల్పులు జరిగాయి. ఎందరో పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. మా ఊరేగింపులో నా పక్కన నడిచినవాళ్ళలో ఒకడికి కాలు పోయింది. వాడు 2011 దాకా బతికాడు, నేను కనపడినప్పుడల్లా "లెక్క తేలిందా?" అని అడిగేవాడు. నేను లెక్కల ఆఫీసులో పని చేస్తాను కదా, నాకు తెలుస్తుందని వాడి నమ్మకం.

ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఇంట్లో కూడా చెప్పలేదు. 1972లో, ఉద్యోగంలో ఏడాది నిండిన కొత్తలో, ఒక స్టేట్‌మెంటు చిత్తు ప్రతిలో ఉమ్మడి కింద వేయవలసిన ఒక పద్దును మొత్తంగా ఆంధ్ర కాలమ్‌లో వేశాను. పొరపాటు కాదు. తెలిసే చేశాను. ఆ పద్దులో తెలంగాణ వంతు మూడో పాలు తప్పితే మిగులు ఆ మేరకు పెరిగి కనబడుతుంది. 1969 నా ఒంట్లోంచి ఇంకా పోలేదు. టోటల్లు ఫాసిట్ మెషీన్ మీద తిప్పి, ట్యాలీ చేసి, బల్ల మీద పెట్టాను. టోటలు సరిపోయింది, ఎందుకు సరిపోదు, ఎటు వేసినా మొత్తం అదే.

సూపరింటెండెంటు గారు సాయంత్రం దాకా ఏమీ అనలేదు. అందరూ వెళ్ళాక నన్ను కూర్చోమని, ఎర్ర పెన్సిలుతో ఆ పద్దు చుట్టూ సున్నా చుట్టారు. "ఇది నీకు తెలియక వేశావా, తెలిసి వేశావా?" అన్నారు. నేను తల వంచుకున్నాను. "బాబూ, మాది అటువైపు. నేనూ ఇలాగే వేస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. కోపం ఉంటే మీటింగులో చెప్పు, లెక్కలో పెట్టకు. మీ మిగులు ఎంతో అంతా రాయాల్సింది నేనే. అది తగ్గించి రాయమని నన్ను అడిగినవాళ్ళు లేరనుకుంటున్నావా?" అన్నారు. అడిగింది ఎవరో చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రాత్రి తొమ్మిదింటి దాకా ఉండి షీట్లన్నీ తిరగరాశాను. ఆయన పక్కనే కూర్చుని ఇరానీ చాయ్ తెప్పించారు. ఆ సంగతి ఏ ఫైలులోనూ ఎక్కలేదు. నా ఉద్యోగం నిలిచింది.

పక్క సీటులో మాచర్ల వైపు మిత్రుడు ఉండేవాడు, నా కన్నా ఏడాది చిన్న. వాడికి సాగర్ కుడి కాలువ, నాకు ఎడమ కాలువ. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచి ఇదే వాదన. "అన్నా, ఒక ఇంట్లో అన్నదమ్ములు కలిసి ఉంటున్నాక నీ జేబు, నా జేబు ఏంటి?" అనేవాడు. "తమ్మీ, ఉమ్మడి కుటుంబంలోనే లెక్క ముఖ్యం, వేరు పడ్డాక ఎవరి లెక్క వాళ్ళు చూసుకుంటారు" అనేవాణ్ణి. వాడు ఇంకో మాట కూడా అనేవాడు. దానికి నా దగ్గర ఈనాటికీ సరైన జవాబు లేదు. "ఏటా లెక్క బల్ల మీద పెడితే ఏటా తగువే. పెద్దవాళ్ళు ఆ తగువు వద్దనే ఊరుకున్నారేమో. కొత్త సంసారం కదా." కావచ్చు. 1956లో అది కొత్త సంసారమే. ఇరువైపులా మంచివాళ్ళు కలిసి బతకాలనే సంతకాలు చేశారు, అందులో నాకు అనుమానం లేదు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే, త్వరగా ముగిస్తాను. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి తెలంగాణలోని పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది వచ్చాయి. ఆ సెప్టెంబరులో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీం కోర్టు తీర్పు వచ్చేసరికి ఈసారి అటువైపు మంట లేచింది. జై ఆంధ్ర ఉద్యమంలో మా మిత్రుడి అన్నగారు, ఆయన కూడా ఎన్.జి.ఓ., నెలల తరబడి జీతం లేకుండా సమ్మెలో ఉన్నారు. మిత్రుడు ఇక్కడి నుంచి మనియార్డరు పంపేవాడు. చేతిలో లేని నెల నా దగ్గర తీసుకుని పంపాడు. మూడేళ్ళ కిందట నేను అరిచిన నినాదానికి సరిగ్గా ఎదురు నినాదం వాళ్ళది. అయినా ఆ డబ్బు ఇవ్వడానికి నాకు చెయ్యి వెనకాడలేదు.

1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన వచ్చింది. శాసనసభ నిద్రాణంగా ఉంది కనుక 1973-74 మన రాష్ట్ర బడ్జెట్‌ను పార్లమెంటు పాస్ చేసింది. మేము తయారు చేసిన అంకెలు ఢిల్లీకి వెళ్ళి, మన ఊళ్ళ పేర్లు ఎన్నడూ వినని సభ్యుల చేతుల మీదుగా ఓటై వచ్చాయి. ఆ సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం మీద రాజీ కుదిరింది. వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధికి ప్రణాళికా బోర్డు, ఉపసంఘాలు, స్థానికులకు విద్యలోనూ ఉద్యోగాల్లోనూ ప్రాధాన్యం వచ్చాయి. ముల్కీ నిబంధనలు పోయాయి. ప్రాంతీయ సంఘం కూడా పోయింది. దానితో మా సెక్షన్‌లో 'ఆం', 'తె', 'ఉ' కాలమ్‌ల అవసరం తీరిపోయింది. పాత రిజిస్టర్లు తాళ్ళతో కట్టి రికార్డు రూముకు పంపారు. పంపిన జాబితా మీద చిన్న సంతకం నాదే.

ఉద్యోగాల విషయంలో ఆరు సూత్రాలకు రాష్ట్రపతి ఉత్తర్వు, జోన్లు, తర్వాత 1985లో జి.ఓ. 610 వచ్చాయి. అమలు అయిందా లేదా అన్నది వేరే సంగతి, కనీసం పట్టుకుని అడగడానికి ఒక కాగితం ఉండేది. డబ్బు విషయంలో అటువంటిది మళ్ళీ రాలేదు. నేను రిటైరయ్యే దాకా పనిచేసిన బడ్జెట్లు అన్నిటిలోనూ ఏ ప్రాంతంలో ఎంత రాబడి, ఎంత ఖర్చు అని ఎవరైనా అడిగితే, అప్పటికప్పుడు కూడి చెప్పడమే గాని, తెరిచి చూపడానికి రిజిస్టరు లేదు. 2010లో శ్రీకృష్ణ కమిటీ వచ్చినప్పుడు మళ్ళీ లలిత్, భార్గవ అంకెలు పత్రికల్లోకి వచ్చాయి. మనవడు పేపరు పట్టుకుని వచ్చి "తాతా, ఈ 28 కోట్లు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని అడిగాడు. ఎవరి దగ్గరా లేవురా, కాగితం మీద ఉన్నాయి అన్నాను. వాడికి అర్థం కాలేదు.

సూపరింటెండెంటు గారి గురించి ఒక్క మాట చెప్పాలి. 1983లో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఫిబ్రవరి నెలాఖరున వేలమంది ఒక్కసారిగా ఇళ్ళకు వెళ్ళారు. ఆయనకు అప్పటికే యాభై అయిదు దాటింది. బడ్జెట్ సీజను మధ్యలో ఉన్నాము. చివరి రోజు సన్మానం పెట్టుకుందామంటే వద్దన్నారు. సాయంత్రం ఆరు దాకా రివైజ్డ్ ఎస్టిమేట్ల టోటల్లు చూసి, సరిపోయాక కుర్చీ లోపలికి నెట్టి వెళ్ళిపోయారు. ఎరుపు నీలం పెన్సిలు బల్ల మీదే ఉండిపోయింది. రెండంగుళాల ముక్క. నా దగ్గర ఉంది.

2014 ఫిబ్రవరిలో ఉమ్మడి శాసనసభ చివరి ఓటాన్ అకౌంట్ బడ్జెట్ పాస్ చేసింది. మొత్తం 1.83 లక్షల కోట్లు. టీవీలో చూశాను. అరుపుల మధ్య మూజువాణి ఓటుతో అయిపోయింది. జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. ఈసారి విభజన చట్టంలో పద్దులు రాశారు. అప్పులు ఎలా, ఆస్తులు ఎలా, సంస్థలు ఎలా అని షెడ్యూళ్ళ మీద షెడ్యూళ్ళు. జనాభా నిష్పత్తి 58.32, 41.68. ఎనిమిదో షెడ్యూలు మన పింఛన్ల గురించి. అంతకు ముందు మంజూరైన పింఛన్ల భారాన్ని రెండు రాష్ట్రాలు జనాభా నిష్పత్తిలో పంచుకోవాలని అందులో ఉంది. ఆ షెడ్యూలు తెప్పించుకుని రెండుసార్లు చదివాను. 1956లో పెద్దలు రెండు వాక్యాలతో ముగించినదానికి ఇక్కడ పేరాలు పేరాలు ఉన్నాయి. అంత రాసినా ఆస్తుల తగువులు ఏళ్ళ తరబడి సాగాయనుకోండి.

మా మాచర్ల మిత్రుడు రిటైరయ్యాక గుంటూరు వెళ్ళిపోయాడు. పింఛను అక్కడే తీసుకుంటాడు. నాది ఇక్కడ. ఒకటో తారీఖు ఉదయం ఎనిమిది కాకముందే ఫోన్ చేస్తాడు.

"అన్నా, పడిందా?"

"ఇంకా మెసేజ్ రాలేదు. నీకు?"

"మాకూ రాలేదు."